గురువారం తెరిచే ఉన్న బ్యాంకు

బ్యాంకు సెలవులు ఏ ఊరికి ఆ ఊరు పెట్టుకోవాలా, సర్కారే అందరికీ ఒకే పట్టీ వెయ్యాలా అని ఎవరైనా వాదన మొదలుపెడితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీకది కాలక్షేపం. నాకది చేజారిన నర్సు సీటు.

హైదరాబాద్ స్టేట్ ఇంకా ఉన్న రోజులు. బాపు బొగ్గుబాయిలో టబ్బులు నింపేవాడు. మేం మిషన్ చర్చివాళ్లం. మిషనాస్పత్రిలో నర్సు చదువుకు మా బస్తీ నుంచి నన్నొక్కదాన్నే తీసుకున్నారు. శుక్రవారంలోగా కరీంనగర్ బ్యాంకులో చలానా కట్టాలి. ఆ ఏడు దాటితే నా వయసూ దాటిపోతుంది.

అవ్వ, అదే మా అమ్మ, మేకను అమ్మితే బుధవారం సాయంత్రానికి డబ్బు సమకూరింది. బాపుకు అక్షరమ్ముక్క రాదు. కంపెనీ ఆఫీసు గోడకు అంటించిన సెలవుల కాగితం చదివింది నేనే. "రంజాన్ గురువారం బాపూ. బ్యాంకు బందుంటది. శుక్రవారం పోదాం" అన్నాను. ఆయన తలూపాడు. నా మాట ఆయనకు వేదవాక్కు.

గురువారం పొద్దున పక్కింటి ఖాలా గోడ మీంచి పిలిచింది. "ఇయ్యాల గూడ రోజానే బిడ్డా, ఉపాసమే. ముసురుల చాంద్ కనవడలే. పండుగ రేపు. బ్యాంకు సెలవు గూడ రేపటికి మారుతదేమో, ఇయ్యాలనే పోయి రాండ్రి."

"అచ్చేసిన కాగితం మబ్బును చూసి మారుతదా ఖాలా?" అని నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. కాగితంలో ఉన్నట్టే కంపెనీ ఆ రోజే సెలవిచ్చింది. బాపు ఇంట్లోనే కూర్చుని నా ట్రంకు పెట్టెకు కొత్త గడియ బిగించాడు.

శుక్రవారం పనికి నాగా పెట్టి నన్ను తీసుకుని బయల్దేరాడు. రైల్లో గోదావరి దాటి, పెద్దపల్లిలో బస్సెక్కి, కరీంనగర్ చేరేసరికి పది దాటింది. బ్యాంకుకు తాళం.

"ఇయ్యాల బందు" అన్నాడు చౌకీదారు.

"సెలవు నిన్నగదనే?" అన్నాడు బాపు.

"నిన్న తెరిచే ఉండె. చాంద్ కనవడలేదని సెలవు ఇయ్యాలకు మార్చిండ్రు."

బ్యాంకు మేనేజరును అప్పట్లో ఏజెంటు అనేవాళ్లు, ఇల్లు వెతుక్కుంటూ ఆయన దగ్గరికి పోయాం. బాపు తలరుమాలు తీసి ఆయన గడప ముందు పరిచాడు. "జర దయ చూడు దొరా. ఇయ్యాల దాటితే నా బిడ్డ బతుకు ఆగమైతది."

ఏజెంటు మంచివాడే, ఆ రుమాలు తీసి బాపు చేతిలో పెట్టాడు. "సర్కారు సెలవు. నా చేతుల లేదు. రేపు పదింటికి నేనే దగ్గరుండి కట్టించుకుంట."

"రేపు మీరు తీసుకుంటరు. వాళ్లు నా బిడ్డను తీసుకుంటరా?" అన్నాడు బాపు.

పండుగ మీద నాకు కోపం లేదు. క్రిస్మస్ నాడు కూడా బాయిలోకి దిగిన మనిషి కూతుర్ని, సెలవు విలువ నాకు తెలుసు. పండుగకు సెలవియ్యాల్సిందే, చంద్రుణ్ని చూసే ఇయ్యాలి. కానీ సెలవును జరిపే సర్కారు గడువును ఎందుకు జరపదు? ఆ మాట బస్తీబస్తీకి ఎందుకు చేరదు? చేరినా నేను విన్నానా, అదీ ఉంది.

శనివారం కట్టి రసీదు ఆస్పత్రికి పంపాం. వారానికి ఉత్తరం వచ్చింది: గడువు దాటింది, సీటు ఇంకొకరికి ఇచ్చాం. ఉత్తరం పట్టుకుని గడపలో కూలబడ్డాను. నావల్లే, అంతా నావల్లే.

అవ్వ ఏడుపు విని ఖాలా గోడ దగ్గరికి వచ్చింది. "ఏమైంది భయ్యా, పిల్ల పోతలేదా?"

నేను నోరు తెరిచేలోపే బాపు లేచాడు. "గా సెలవుల కాగితం నేనే తప్పు చదివిన చెల్లే."

నెలనెలా జీతానికి వేలిముద్ర వేసే మనిషని బస్తీలో అందరూ ఎరుగుదురు. ఖాలా నా వైపు చూడలేదు. "అయితయి భయ్యా, గసుంటియి అందరికి అయితయి" అంది.

బాపు పోయేదాకా ఎవరు అడిగినా అదే చెప్పాడు.