యుద్ధరంగంలో బస్టాపు

సిటీ బస్సు నడిపే ఆ పెద్దమనిషికి నోరు పెద్దది. స్టీరింగు ముందు కూర్చుంటే అడ్డొచ్చిన ప్రతివాడికీ అక్షింతలు వేస్తాడు. ఇంట్లో కుక్కరు ఆలస్యంగా కూసినా ఊరుకోడు. కానీ నోరెంత చెడ్డదైనా, స్టాపులో చెయ్యెత్తినవాణ్ణి వదిలేసి పోయిన పాపాన పోలేదు. అలాంటివాడికి ఏరికోరినట్టు నోట్లో నాలుక లేని అల్లుడు దొరికాడు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే కుర్రాడు. పనిలో వంక పెట్టడానికి లేదు గానీ, మామగారి ఎదుట సోఫాలో వెనక్కి ఆనుకుని కూర్చోడు. వచ్చే స్టాపులో దిగిపోయేవాడిలా అంచునే కూర్చుంటాడు.

ఈ అంచున కూర్చోవడం వల్లే చిక్కొచ్చింది. ఇంటి పై వాటా ఖాళీ అయింది. అందులోకి వచ్చేయాలని కూతురికి మనసు. మొగుడు ఔననడు, కాదనడు. చివరికి ఆమె తండ్రికి చెప్పేసింది: "ఆయనకి మీరంటే బెరుకు నాన్నా. వారానికోసారి వచ్చిపోతేనే నడుం పట్టేస్తోంది. ఇక రోజూ మీ ఎదురుగా ఎలా ఉంటారు?"

పెద్దమనిషి మనసు చివుక్కుమంది. కూతురు మెట్లు దిగే చప్పుడు రోజూ వినాలని ఆయనకి ఎంత ఆశో చెప్పలేం. ఆ వాటా కోసం ఒకాయన అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. వచ్చే ఆదివారం సాయంత్రానికల్లా ఏదో ఒకటి చెబుతానని ఆయనకి మాటిచ్చేశాడు కూడా.

మామా అల్లుళ్లను కలపడానికి ఉపాయం కూతురు అంతకుముందే పన్నింది. అల్లుడికున్న ఒకే ఒక్క పిచ్చి, కంప్యూటర్లో ఆడే యుద్ధం ఆట. కొన్నాళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద చెరో కంప్యూటరూ పెట్టి ఇద్దర్నీ కూర్చోబెడుతోంది.

అది పిల్లకాయల ఆట కాదు. ఒక్క తూటా తగిలితే పోయినట్టే. గాలి వీస్తే తూటా పక్కకి పోతుంది, మూట బరువైతే సిపాయికి ఆయాసం వస్తుంది. ముక్కూ మొహం తెలియనివాణ్ణి కాల్చడం తన వల్ల కాదని పెద్దమనిషి తుపాకీ ముట్టుకోలేదు. సరుకుల లారీ తీసుకున్నాడు. తీసుకున్నాక ఇక దిగమంటే దిగడు. గేరు మారిస్తే ఇంజను గొంతు మారుతుంది, ఎత్తెక్కితే మూలుగుతుంది, డీజిలు అయిపోతే నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. దీన్ని తయారుచేసినవాడు ఎప్పుడో లారీలో పడుకుని లేచినవాడే అయి ఉంటాడని మెచ్చుకున్నాడు.

అలాగని వంకలకు లోటు లేదు. గోడను గుద్దినా చెక్కుచెదరని లారీ, గులకరాయి తగిలితే వెల్లకిలా పడుతుంది. మన సిపాయే గుమ్మంలో నిలబడ్డాడంటే అలిగిన చుట్టంలా ఇక కదలడు. కంప్యూటరే నడిపించే శత్రువు, పొద మాటున దాక్కున్నవాణ్ణి అవతలి కొండ మీంచి చూసేస్తాడు. ముక్కు ముందు నిలబడ్డవాణ్ణి మాత్రం కానడు. వీడికి మీ దుకాణంలో మంచి కళ్లజోడు ఇప్పించమన్నాడు మామగారు. నవ్వాలో వద్దో తేలక అల్లుడు దగ్గాడు.

అసలు లోపం ఆటలో కాదు, అల్లుడిలో ఉంది. ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని ఆడే జట్టుకు అతనే నాయకుడు. మిగతావాళ్లకు ముక్కలు ముక్కలుగా ఆజ్ఞలు విసురుతాడు. మామగారి వంతు వచ్చేసరికి, "మామయ్యగారూ, మీకు ఇబ్బంది లేకపోతే కాస్త ఎడమవైపు..." అనేలోపే ఎడమవైపు నుంచి రాకెట్ వచ్చి లారీ గాల్లోకి లేస్తుంది. ఆ తర్వాత తప్పంతా తనదేనంటాడు. ఇలా ప్రతి వారం మామగారు మర్యాదకే బలైపోయేవాడు.

మాటిచ్చిన ఆదివారం రానే వచ్చింది. ఆటలో జట్టు కొండ మీద చిక్కుకుపోయింది. వాళ్ల తూటాలు నిండుకున్నాయి. మందుగుండంతా మామగారి లారీలో ఉంది. ఎన్నిసార్లు ఆడినా గెలవని పోరు అది. పెద్దమనిషి ఒళ్లు దగ్గర పెట్టుకుని మలుపులు తిప్పాడు, ప్రతి రాయినీ తప్పించాడు, కొండ కిందికి చేరాడు. అక్కడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని కింద బెంచీ. అచ్చం బస్టాపు. దాని ముందు ఒక మనిషి చెయ్యెత్తి నిలబడ్డాడు.

ఆయన వేలు దానంతటదే బ్రేకు మీట నొక్కింది. లారీ బుద్ధిగా షెడ్డు ముందు ఆగింది. చెయ్యెత్తినవాడు శత్రువు, ఆ చేతిలో బాంబు. లారీ, మందుగుండు, ఆశలు అన్నీ ఒక్కసారే పేలిపోయాయి. కొండ మీది జట్టు ఒకరి తర్వాత ఒకరు రాలిపోయారు.

అల్లుడు కుర్చీ తోసేసి లేచాడు.

"ఎందుకు ఆపారు మామయ్యా? అదేమన్నా బస్సా? యుద్ధంలో చెయ్యెత్తినవాణ్ణల్లా ఎక్కించుకుంటారా? మీకసలు బుద్ధుందా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కూతురు గుమ్మంలోకి వచ్చి తలుపు పట్టుకుని నిలబడిపోయింది. తానేమన్నాడో తన చెవిన పడ్డాక అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

పెద్దమనిషికి కోపం రాలేదు. ఇంట్లో మనిషిని తిట్టినట్టు తిట్టాడని సంతోషమే కలిగింది. జేబులోంచి ఫోన్ తీసి, పై వాటా అడిగినాయనకి చేసి, ఇవ్వడం కుదరదనీ తన పిల్లలే వస్తున్నారనీ చెప్పేశాడు.

"నేనింకా ఏమీ చెప్పలేదు కదండీ" అన్నాడు అల్లుడు నెమ్మదిగా.

"చెప్పావుగా. బుద్ధుందా అన్నావు. పరాయివాణ్ణయితే అంత మాట అంటావా నువ్వు?"

అల్లుడు భార్య వంక చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. అతను కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటిసారి పూర్తిగా వెనక్కి ఆనుకున్నాడు. ఆట మళ్లీ మొదలుపెట్టాడు.

కొండ కింద అదే షెడ్డు దగ్గర మళ్లీ ఒకడు చెయ్యెత్తాడు. "పోనీ మామయ్యా, పోనీ" అని అరిచాడు అల్లుడు. పెద్దమనిషి పళ్లు బిగబట్టి ఆపకుండా పోనిచ్చాడు. అంత గండం దాటిన లారీ, నాలుగడుగులు పోయాక గులకరాయి తగిలి వెల్లకిలా పడింది. ఈసారి మామా అల్లుళ్లిద్దరూ కలిసి, ఆ ఆట తయారుచేసినవాణ్ణి తిట్టడం మొదలుపెట్టారు.