ఒకే ఒక్క క్యాసెట్

ఆ వార్త మొదట నాకు చెప్పింది మా వీధిలో పూలమ్మే అవ్వ. గంప దించి, "బడిలో పెట్టెముందర మాట్లాడిందే, మామిడికాయలు కోసే ఆయమ్మ, జొరమొచ్చి పోయిందంట మా" అంది. నాకు ఏడుపు రాలేదు. పూలు తీసుకుని స్వామి పటానికి పెట్టి, పొయ్యి మీద పాలు చూసుకున్నాను.

నేను బడి మొహం చూడలేదు. నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. అయినా చిత్తూరు దగ్గర మా ఊరి బడిలో టీచరమ్మ నన్ను పిలిచింది. మా ఇంట్లో టేప్‌రికార్డర్ ఉండడమే కారణం. పిల్లలే రేడియోలాగా ఒక కార్యక్రమం తయారుచేయాలి, దాన్ని శనివారం ప్రార్థన తర్వాత వినిపించాలి. ఆ పని నాకు దొరకడం స్వామి దయ అనుకున్నాను.

మైకు ముందు కూర్చోగానే పిల్లల గొంతులు మారిపోయేవి. ఒకడు గొంతు లావు చేసి, "వార్తలు చదువుతున్నది..." అని మొదలుపెట్టేవాడు. "ఎవురప్పా చదవతా ఉండేది? పొద్దున మేకలు తోలినోడేగా!" అని వెనకనుంచి నవ్వులు. మళ్లీ మొదటికి.

బడికి ఉన్నది ఒకే క్యాసెట్. ఈ వారం కార్యక్రమం మీదనే వచ్చే వారానిది రికార్డు చేసేవాళ్లం. ఏడో తరగతి పిల్ల ఒకతె, గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోసే తన తల్లిని పిలుచుకొచ్చి మాట్లాడించింది. అందరూ విన్నారు. ఆ తర్వాతి వారాల్లో దాని మీద వేరేవి ఎక్కాయి. అంతలో ఆ తల్లి పోయింది.

కర్మలయ్యాక ఆ పిల్ల బడికొచ్చి నన్నే అడిగింది. "అక్కా, మాయమ్మ మాటలు ఉండాయా? ఇంట్లో ఫోటో గూడా లేదు."

అవి చెరిగిపోయి ఉంటాయని తెలిసినా, క్యాసెట్ మొదటికి తిప్పి ప్లే నొక్కాను.

"ఏమ్మే, అన్నం తింటివా? యాడ సూసి మాట్లాడాల? ఈ పెట్టెనా?"

"ఇంగా మొదులుపెట్టలేదు మా. గమ్మునుండు."

ఆ తర్వాత పోయిన వారం పిల్లల పాట.

క్యాసెట్ మొదట్లో కొంత టేపు రికార్డు కాదు. అందుకే ముందు ప్లే నొక్కి, దేవుణ్ణి తలచుకుని, ఆపి, అప్పుడు రికార్డు నొక్కమని పిల్లలకు చెప్పేదాన్ని. గోవిందా అనేవాళ్లు అన్నారు, యేసయ్యా అనేవాళ్లు అన్నారు. అందరూ నిదానంగానే అన్నారు కాబట్టి, ఆ టేపు దాటి ఇంకాస్త ముందుకు పోయాకే వాళ్ల రికార్డు మొదలయ్యేది. తల్లి వచ్చిన సంబరంలో ఈ పిల్ల ఒక్కతే అది మరిచి ముందే నొక్కేసింది. ఈ పిల్ల ముందుగా నొక్కినందుకూ, మిగతావాళ్లు ఆగినందుకూ ఆ నాలుగు మాటలు మిగిలాయి.

"గమ్మునుండు అన్నానే అక్కా" అంది ఆ పిల్ల. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. ఇంకెవరూ దాని మీద రికార్డు చేయకుండా క్యాసెట్ వెనక రెండు బిళ్లలూ విరిచేసి, ఆ పిల్ల చేతిలో పెట్టాను.

ఇంటికొచ్చి దీపం పెట్టాను. ఆ పిల్లలందరికీ దండం పెట్టుకోవాలనిపించింది. మనసు మాత్రం ఆ వార్త విన్ననాటిలాగే కదల్లేదు.

ఇది చదివినవాళ్లు మీ మీ దేవుణ్ణి తలచుకునేటప్పుడు, మాట్లాడే ముందు బిడ్డను అన్నం తిన్నావా అని అడిగిన ఆ తల్లిని కూడా ఒకసారి తలచుకోండి.