తలనొప్పి అని నేను రాసిన రోగం

నా దినచర్య పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా ముందు మీ ఎదుట పెడుతున్నాను.

జూన్ మొదటి ఆదివారం: నేను మంచం మీద ఉన్నందున ప్రార్థన మనవులను వేరే సంఘ పెద్ద చదివారు. నా పేరు చదివారు, రోగం చదవలేదు, ‘ప్రత్యేక అవసరత’ అన్నారు. అదే పుటలో డయాలసిస్‌కు వెళ్లే ముగ్గురి పేర్లను రోగంతో సహా చదివారు.

జూన్ మూడో శుక్రవారం: ఉపవాస కూడికలో, విశ్వాసానికి గుర్తుగా నా మాత్రలను ప్రసంగ వేదిక మీద పెట్టమని సంఘ కమిటీ వారు అన్నారు. పెట్టాను. తిరిగి ఇవ్వలేదు.

జూలై మొదటి ఆదివారం: ప్రభు బల్ల దగ్గర ద్రాక్షారసపు గిన్నె అందించే పని నుండి నన్ను తప్పించారు. కారణం అడిగితే విశ్రాంతి తీసుకోమన్నారు.

జూలై నాలుగో బుధవారం: మా ఇంట జరిగే వారపు కూడికను వేరే ఇంటికి మార్చారు. ఆ సంగతి మాకు చెప్పింది పాలు పోసే ఆమె.

సహోదరులారా, సహోదరీలారా, నాకు కోపం లేదని చెప్పను. అది చల్లారిన తరువాతే కలం పట్టాను. పలాసలో జీడిపప్పు కార్ఖానాలో ముప్పై ఏళ్లు పప్పు ఏరించే మేస్త్రీగా పనిచేశాను. ఉద్దానంలోని మా సంఘానికి పందొమ్మిది ఏళ్లుగా పెద్దను. ఆరాధన ముగిశాక విశ్వాసులు నా దగ్గరకు వచ్చి తమ బాధ చెవిలో చెబుతారు, నేను ప్రార్థన పుస్తకంలో రాస్తాను, మరుసటి ఆదివారం పేరుపేరునా చదువుతాను, సంఘమంతా ఆ పేరు ఎత్తి ప్రార్థిస్తుంది. ఇది మా వాడుక.

పోయిన మార్చి నెలలో నాకు రోగం వచ్చింది. దాని పేరు డిప్రెషన్. మొదట నిద్ర పోయింది, తరువాత ఆకలి పోయింది, ఆ తరువాత పళ్లెంలో పోసిన పప్పులో నిండు గుండేదో, విరిగిన బద్దేదో, నూకేదో నా కళ్లకు తెలియకుండా పోయింది, ముప్పై ఏళ్లు చేసిన పని చేతుల్లో నుంచి జారిపోతుంటే చూస్తూ కూర్చున్నాను, కనీసం ఏడుపు కూడా రాలేదు. ఆ రోజుల్లో నా ప్రార్థన ఒక్కటే: “ప్రభువా, లేచే బలమైనా ఇవ్వు, లేదా నన్ను ఎవరూ లేవమనకుండా అయినా చెయ్యి.”

నా భార్య రూతమ్మ నన్ను టెక్కలిలో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లింది. మాత్రలతో మే నెల చివరికి కాస్త అన్నం తిన్నాను. జూన్‌లో ఆ మాత్రలు వేదిక మీదికి వెళ్లాయి. నెల తిరగకుండానే మళ్లీ గోడ వైపు తిరిగి పడుకున్నాను. రూతమ్మ ఒక ఉదయం నా చొక్కా తెచ్చి మంచం మీద వేసి, “దేవుడు మందు వొద్దన్నాడని నాకు సెప్పనేదు. లెగండి, బస్సు ఎల్లిపోద్ది,” అంది.

వైద్యుడి గది బయట బల్ల మీద కూర్చున్నాను. తెలిసినవారు చూస్తారేమోనని తువ్వాలు తల మీదుగా ముఖానికి లాక్కున్నాను. పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు.

“ఏటి సిన్నాన్నా, పెళ్లికూతురునాగ ముసుగేసీసినారు? మీ సెప్పులు సూసే పోల్చీసినాను.”

ఆమె రాహేలు. మా కార్ఖానాలో పప్పు ఒలిచే మనిషి, మా సంఘస్థురాలు. ఆమె అనుమతితోనే పేరు రాస్తున్నాను. నీకు తలనొప్పి కదా, ఇక్కడికి ఎందుకు వచ్చావమ్మా అని అడిగాను.

“నాకు తలనొప్పి ఏనాడూ నేదు సిన్నాన్నా. మనసు బాగోనేదు, బతకబుద్ది అవ్వట్నేదు అని ఆ పొద్దు మీ సెవిలో సెప్పినాను. మీరు తలనొప్పి అని సదివీసినారు. ఏడేళ్లయింది. సంగమంతా నాకు నేని జబ్బుకి పార్దన సేత్తంది, ఉన్న జబ్బుకి నానొక్కదాన్నే సేసుకుంతన్నాను.”

నేను తువ్వాలు తీసేశాను.

ఇంటికి వచ్చి ట్రంకుపెట్టెలోని పాత ప్రార్థన పుస్తకాలన్నీ తీశాను. తలనొప్పి, నీరసం, గాలి సోకుట, ప్రత్యేక అవసరత. ఆ మాటల వెనుక ఎవరు ఏమి చెప్పారో ఒక్కొక్కటిగా జ్ఞాపకం వచ్చింది. పరువు కాపాడుతున్నానని అనుకుంటూ పదకొండు మంది నోళ్లు నేనే నొక్కాను. కిడ్నీ రోగం పేరు మా ఊళ్లలో పిల్లలు కూడా పలుకుతారు. ఈ రోగానికి పేరు లేకుండా చేసింది నా చేతిరాత. సహోదరులారా, ఆ పుస్తకాల ముందు మోకరించిన రోజే, ఎన్నో నెలల తరువాత, నాకు ఏడుపు వచ్చింది. “ప్రభువా, నిజం రాయడం నేర్పు” అని ప్రార్థించాను. వైద్యుడు మళ్లీ రాసిచ్చిన మాత్రలు మానలేదు, ప్రార్థన మానలేదు. ఆగస్టు నాటికి నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది. వైద్యుణ్ణి ఇచ్చినది దేవుడే, రాహేలును ఆ బల్ల మీదకు పంపినదీ దేవుడే. ఆయనకే మహిమ.

సెప్టెంబరు రెండో ఆదివారం సంఘంలో నిలబడి నా రోగం పేరు చెప్పాను. రాహేలు కూడా లేచి తనది చెప్పింది; పుస్తకంలో ఆమె ఎంట్రీని దిద్దానని చెప్పాను. అప్పుడు వెనుక వరుసలో నుంచి మా బావమరిది, “బావా, సాలు, కూకో. మన పిల్లలకి సమ్మందాలు రావాల,” అన్నాడు. కొందరు నవ్వారు. ఆరాధన అయ్యాక ముగ్గురు నా దగ్గరకు వచ్చి, తమ ఎంట్రీలు కూడా దిద్దమని మెల్లగా అడిగారు; ఇంటికి వెళ్లగానే దిద్దాను. ఆ సాయంత్రమే కమిటీ వారు ప్రార్థన పుస్తకాలను మా ఇంటి నుండి తీసుకువెళ్లారు.

ఇది చదువుతున్న మీలో ఇదే రోగం ఉన్నవారికి ఒక మాట. దేవుణ్ణి నమ్మండి, మందు వేసుకోండి. ఈ రెండింటికీ తగవు లేదు. మీ రోగాన్ని దాని పేరుతోనే ఆయనకు చెప్పండి.

సంఘ కమిటీ వారికి నా మనవి, దీన్ని అధికారిక కోరికగా స్వీకరించండి. ఒకటి, బైబిలులోని ఏ వాక్యాన్ని ఆధారం చేసుకొని నన్ను గిన్నె దగ్గర నుండి తప్పించారో తెలపాలి. రెండు, దిద్దిన ఎంట్రీలను, వారి వారి సమ్మతితో, రోగం పేరుతో సహా చదువుతారో లేదో తెలపాలి. ప్రభు బల్ల జరిగే వచ్చే ఆదివారానికి ముందుగా, సంతకాలతో, రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. నోటిమాటగా చెప్పినదాన్ని జవాబుగా ఎంచను. రాహేలుకు చదువు రాదు. మీరు రాసిన ప్రతి అక్షరాన్నీ ఆమె ఎదుట కూర్చొని నేనే చదివి వినిపించాలి. అది మనసులో పెట్టుకొని రాయండి.