కిటికీ వెనక మనిషి, గుమ్మంలో మనిషి

దయ్యాలూ దర్శనాలూ నాకు పట్టవు. చర్చిలో పుట్టి పెరిగినవాణ్ణే అయినా, కంటితో చూడనిదాన్ని ఒప్పుకునే రకాన్ని కాను. విశాఖ ఓడరేవులో క్రేను నడిపినవాణ్ణి. బరువెంత, గొలుసు ఎంత మోస్తుంది, అంతవరకే నా నమ్మకం.

ఇంకోటి కూడా ముందే చెబుతాను. నేను నల్లమందుకు అలవాటుపడ్డాను. ఆస్పత్రి మందుతో బయటపడ్డాను. రెండూ చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

డెబ్బైల చివర్లో, ఓడ మీంచి దించుతున్న ఇనుప కడ్డీల కట్ట జారి నా నడుం మీద కొట్టింది. నొప్పికి సూదులు వేశారు. సూదులు ఆపేశాక నొప్పి మాత్రం ఆగలేదు. రేవులో ఎవరో టీతోపాటు చిటికెడు నల్లమందు ఇచ్చారు. మూడేళ్ళకి అది చింతగింజంత ఉండ అయింది. ఒకరోజు క్రేను నిచ్చెన మీదే కునికాను. కింద నలుగురు మనుషులున్నారు. ఆ సాయంత్రమే నా భార్య సుగుణ నన్ను ఆస్పత్రికి లాక్కెళ్ళింది.

డాక్టరు తిట్టలేదు. నల్లమందుతోనే తయారుచేసిన ద్రావకం కొలిచి ఇస్తామనీ, ఒళ్ళు తట్టుకునేకొద్దీ మెల్లగా తగ్గిస్తామనీ చెప్పారు. రోజూ వచ్చి అక్కడే తాగాలి. సారా ముట్టకూడదు. నిద్రమాత్రలు వేసుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, చెప్పకుండా మానేయకూడదు.

మందు పోసేది కాంపౌండరు సన్యాసిరావు గారు. చిన్న కిటికీ వెనక కూర్చునేవారు. ఒక పక్క కాడ విరిగితే కళ్ళజోడుకి దారం కట్టుకున్నారు. కొలత గ్లాసుని కంటికి ఎదురుగా ఎత్తి చూసేవారు. నేను మింగాక ఏదో ఒక మాట మాట్లాడించేవారు, నోట్లో దాచుకోలేదని తెలియడానికి.

రెండు నెలలకి నిద్ర పట్టింది. చేతులు నిలిచాయి. మళ్ళీ పనిలో చేరాను, క్రేను మీద కాదు, గోడౌన్లో.

అప్పుడు మొదలయ్యాయి మాటలు. సుగుణ తమ్ముడు ప్రభుదాసు ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నచోట పని చేసేవాడు. ఒక ఆదివారం భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు.

"ఇదీ మత్తే కదా బావా. సీసా మారింది గానీ నువ్వేటి మారినావు?"

చర్చి పెద్దలు కూడా ఇంచుమించు అదే అన్నారు. ప్రార్థన చాలదా అన్నారు. నాకు పౌరుషం వచ్చింది. మర్నాటి నుంచి ఆస్పత్రికి వెళ్ళలేదు. డాక్టరుకి చెప్పలేదు.

ఆ తరవాత పది రోజులూ ఎముకల్లో చీమలు పాకాయి. తిన్నది నిలవలేదు. పదోరోజు రేవుకి వెళ్ళి ఉండ కొనుక్కొచ్చాను.

మిట్టమధ్యాహ్నం. సుగుణ బడిలో ఆయా, సాయంత్రం గానీ రాదు. వన్ టౌన్ సందులో మా ఒంటిగది. పాత కొలత, అదే చింతగింజంత, అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను.

గుమ్మంలో సన్యాసిరావు గారు నిలబడి ఉన్నారు. అదే దారం కట్టిన కళ్ళజోడు. లోపలికి రాలేదు.

"పది రోజులైంది మందు మానేసి. ఒంటికి అలవాటు పోయింది. ఇప్పుడు పాత కొలత ఏసుకుంటే మరి లెగవు," అన్నారు. "అది పారేసి ఆస్పత్రికి రా. సిన్న కొలతతో మళ్ళీ మొదలెడదాం."

నేను లేచి ఉండని కాలవలో పడేశాను. చొక్కా తొడుక్కుని వచ్చేసరికి ఆయన లేరు. పరుగులాంటి నడకతో ఆస్పత్రికి వెళ్ళాను. ఆయన కిటికీ వెనక ఉన్నారు. ముందు పెద్ద వరస.

"నాకన్నా ముందే వచ్చేశారా?" అన్నాను.

"ఎక్కడికెళ్ళాను నాను? తొమ్మిదికి కూకున్నాను, ఇంకా లెగనేదు."

వరసలోవాళ్ళూ అదే చెప్పారు. నా ఇల్లు ఆయనకి తెలియదు. ఆస్పత్రి కాగితంలో నా పేరు దేవదానం, ఒక నంబరు, అంతే.

డాక్టరు నాడి చూసి, పాత కొలత మింగి ఉంటే ఊపిరి ఆగిపోయేదన్నారు. తక్కువ కొలతతో మళ్ళీ మొదలుపెట్టారు. మిగతాదంతా విని, మందు ఒక్కసారిగా మానితే లేనివి ఉన్నట్టు కనిపిస్తాయన్నారు. సరేనని ఇంటికొచ్చాను.

సందులో పక్కింటి నూకాలమ్మ ఆపింది.

"మజ్జానం వచ్చినాయనెవరు బావూ, కళ్ళజోడుకి దారం కట్టుకున్నాయన? దాహమంటే నీలిచ్చాను. సెంబుడూ తాగేసినాడు."

మర్నాడు డాక్టరుకి ఆ మాట చెప్పాను. "మందు మానింది నేనండి, నూకాలమ్మ కాదు," అన్నాను.

సంగతి చర్చిలో తెలిసింది. చూశావా, దేవదూత వచ్చాడు, ఇంక ఆ సీసా దేనికన్నారు. ఈసారి నేను తల దించుకోలేదు. వచ్చినవాడెవరైనా, ఆస్పత్రి మందు మానేయమనలేదు, కొలిచి తాగమన్నాడని చెప్పాను. ప్రభుదాసుకీ అదే చెప్పాను. వాడు రెండు నెలలు మా ఇంటికి రాలేదు. రాకపోతే పోయాడు. నేను ఒక్కరోజు కూడా కిటికీ తప్పలేదు.

ఏడాదిన్నరకి కొలత సున్నాకి వచ్చింది. ఆ రోజు సన్యాసిరావు గారిని ఆఖరిసారి అడిగాను, ఆ మధ్యాహ్నం మా గుమ్మంలోకి వచ్చింది మీరేనా అని.

ఆయన గ్లాసు తుడిచి పక్కన పెట్టారు.

"నాను రానేదు దేవదానం. కాకపోతే ఆ మజ్జానం నీ కాయితం సేతిలో పట్టుకుని కూకున్నాను. పది రోజులైంది ఈడు రాక, ఏటైపోనాడో అనుకున్నాను. అంతే."

ఒక మనిషి కూర్చున్నచోటే బెంగపడితే ఆ బెంగ లేచి నడిచి వస్తుందా? ఎండలో దాహమేసి చెంబుడు నీళ్ళు తాగుతుందా? నాకు తెలియదు. ఇన్నేళ్ళయినా తెలియలేదు. తెలిసినట్టు నటించను.