ఎక్కని బోర్డు కాపాడిన ఆదివారం

2023 వానకాలం. ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర నాది చిన్న కంప్యూటర్ రిపేర్ దుకాణం. చుట్టుపక్కల ఫ్యాక్టరీలల్ల బిల్లింగ్ సిస్టమ్ ఆగినా, ప్రింటర్ మొరాయించినా నాకే ఫోన్ వస్తది. ఇన్నేండ్ల సంది ఇదే పని చేస్తున్నగని గుండె మాత్రం గట్టిపడలేదు. పవర్ బటన్ నొక్కినంక స్క్రీన్ మీద అక్షరం కనవడేదాక పానం అరచేతుల వెట్టుకొని నిలబడ్త. "నువ్వు డాక్టర్‌వి కాకపోవుడే మంచిగైంది" అని మా ఇంటామె నవ్వుతది.

ఆ పొద్దు చిట్కుల్ దిక్కున్న మోటార్ల యూనిట్ మేనేజర్ ఫోన్ జేసిండు. ముందటి రాత్రి పిడుగుల వాన. కెమెరాల సిస్టమ్ ఆన్ అయితలేదట. "శీనూ, జల్దీ రా. పెద్ద పరేషాన్ల ఉన్నం" అన్నడు.

పోయేసరికి ఆఫీసు మెట్ల మీద యాదమ్మక్క కూసోని ఉన్నది. అండ్ల ఊడ్సి తుడిసే కాంట్రాక్టు మనిషి. నేను ఎప్పుడు పోయినా చాయ్ తెచ్చిచ్చేది. ఆ దినం మొఖం గుంజుకపోయింది.

సంగతేందంటే, స్టోర్ల రాగి తీగ చుట్ట ఒకటి మాయమైంది. లెక్క తీస్తే పోయిన నెల ఒక ఆదివారం పోయిందని తేలింది. ఆ దినం లోపల డ్యూటీల ఉన్నది యాదమ్మక్క ఒక్కతేనని ఆమె మీద పడ్డరు. చెత్త డబ్బల వెట్టి బయటికి దాటేసిందని వర్కర్లందరి ముందట అరిసిండ్రట. సాయంత్రానికి తేలకపోతే పోలీస్ కంప్లయింట్ అన్నరు.

"తమ్మీ, దేవుడు జూసిండో లేదో నాకు తెల్వదు. కెమెరా అయితే జూసింది. జెర దాన్ని మాట్లాడియ్యి" అన్నది యాదమ్మక్క.

సరేనని తలకాయ ఊపి లోపలికి పోయిన.

వాళ్ల కెమెరాలు ఒక మామూలు కంప్యూటర్ల రికార్డ్ అయితయి. విప్పి చూస్తే మదర్‌బోర్డు, అంటే అన్ని పార్టులను కలిపే పెద్ద పలక, మూలకు నల్లగ మాడింది. ప్రాసెసర్, హార్డ్ డిస్క్‌లు బతికే ఉన్నయి. నా సంచిల ఒక పాత బోర్డు ఉండె. ప్రాసెసర్ కూసునే సాకెట్ రెండిట్ల ఒక్కతీరే. బిగించి బటన్ నొక్కిన. ఫ్యాన్ గిర్రున తిరిగింది. స్క్రీన్ మాత్రం నల్లగనే ఉన్నది.

ర్యామ్ తీసి తుడిసిన, మళ్ల పెట్టిన. ఊహు! అప్పుడు యాదికొచ్చింది. సాకెట్ ఒకటే గని జనరేషన్ వేరు. బోర్డు మీది చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌కు మిగిలిన పార్టులకు నడుమ మాట కలిపే చిప్పు, పాతదైతే కొత్త ప్రాసెసర్ అండ్ల కూసుంటది గని పని జెయ్యది. ఇది మాకు రోజూ తగిలే ఎదురుదెబ్బనే. అయినా ఆ బోర్డును నోటికొచ్చినట్టు తిట్టిన.

"ఏందయ్యా, అయితదా కాదా?" అని మేనేజర్ నెత్తి మీద నిలబడ్డడు.

"అయితది సార్, వేరే బోర్డు తేవాలె" అని బండి తీసిన.

పటాన్‌చెరుల పాత బోర్డులమ్మే దోస్తు ఒకడున్నడు. వాని దగ్గర సరైన చిప్‌సెట్‌ది దొరికింది. తిరిగొస్తుంటే ట్రాఫిక్‌ల లారీల నడుమ ఇరుక్కున్న. అప్పుడే ఒక ఆలోచన వచ్చి చెమటలు పట్టినయి.

ఆ రికార్డింగ్ డిస్క్‌ల సుమారు నెల దినాలదే పడ్తది, అది ఎప్పుడో నిండిపోయి ఉన్నది. నిండిన డిస్క్ మీద కొత్తది రికార్డ్ కావాలంటే అన్నిట్లకు పాతది చెరిగిపోవాలె. స్టోర్ లెక్క ఆలస్యంగ చూసిండ్రు గనుక, మాకు కావల్సిన ఆదివారం సరిగ్గ పాత చివరకు వచ్చి ఆగి ఉన్నది. సిస్టమ్ లేసిందంటే సాఫ్ట్‌వేర్ తనంతట తానే రికార్డింగ్ షురూ జేస్తది. గంట రికార్డైతే ఆ ఆదివారంల గంట మాయం. నా సంచిలున్న పాత బోర్డు ఎక్కి పని జేసి ఉంటే నేనే ఖుషీగ చాయ్ తాగుకుంట యాదమ్మక్క ఆధారాన్ని తుడిచేస్తుంటి! తిట్టిన బోర్డుకు లారీల నడుమనే దండం పెట్టిన.

పోంగనే కెమెరాల నుంచి వచ్చే వైరు పీకేసిన. రికార్డింగ్ డిస్క్ కూడా విడదీసిన. కొత్త బోర్డు బిగించి నొక్కిన. స్క్రీన్ మీద అక్షరాలు పడ్డయి. హమ్మయ్య అనేలోపే ఇంకో పిడుగు: "లైసెన్స్ దొరకలేదు".

గసొంటి సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ మదర్‌బోర్డు నంబర్‌తోని ముడిపడి ఉంటది. బోర్డు మారితే దాని లెక్కల ఇది ఎవలిదో వేరే కంప్యూటర్. ఇగ డెమోల నడుస్తది. డెమో కొత్తది రికార్డ్ చేస్తది గని పాత వీడియో చూపెట్టది.

"దొంగ లైసెన్స్, క్రాక్ గిట్ల వేసెయ్యరాదు?" అన్నడు మేనేజర్.

"వద్దు సార్. రేపు ఎవడన్న ఈ వీడియోల గోల్‌మాల్ ఉన్నదంటే మనం ఏం జెప్తం? ఒక ఆడమనిషి ఇజ్జత్ దీని మీద ఉన్నది."

సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ కలిపిన. కొన్నప్పటి ఈమెయిల్ అడిగిండ్రు, కాలిన బోర్డు నంబర్ అడిగిండ్రు, ఫొటో పంపమన్నరు. ఆఖరుకు ఫోన్ల ఉన్నామె "రేపు చూస్తం" అన్నది. నాకు తిక్క రేగింది. మళ్ల మింగుకొని, "మేడమ్, సాయంత్రం అయితే పోలీసులొస్తరు. ఆమె తప్పు చేసిందో లేదో మీ సాఫ్ట్‌వేర్‌లనే ఉన్నది" అన్న. అటుదిక్కు ఆమె కాలిన బోర్డు నంబర్ మళ్ల సరిచూసుకున్నది. తర్వాత లైసెన్స్‌ను కొత్త బోర్డుకు మార్చి కోడ్ పంపింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

డిస్క్ కలిపిన, కెమెరా వైరు మాత్రం పీకే ఉంచిన. తారీఖులు ఒక్కొక్కటే వచ్చినయి. ఆ ఆదివారం ఉన్నది! పొద్దుగాలది అప్పటికే చెరిగిపోయింది, మిగిలిన దినం ఉన్నది. యాదమ్మక్కను లోపలికి పిలిపించిన. వీడియో నడుపుతుంటే నాకు లోపల్లోపల ఇంకో భయం. ఒకవేళ నిజంగ ఆమెనే తీసి ఉంటే? పక్కన నిలబడ్డ మనిషి దిక్కు చూసే ధైర్యం రాలేదు.

మధ్యాహ్నం ఒక ఆటో ట్రాలీ వచ్చింది. డ్రైవర్ రాగి చుట్టను ఎత్తి దాంట్లేసుకున్నడు. పక్కన ఒకాయన నిలబడి వేలు వెట్టి చూపెడ్తున్నడు. ఆయన ఎవలో కాదు, ఈ మేనేజరే. యాదమ్మక్క ఎనకాల దూరంగ ఊడుస్తున్నది, అటు తిరిగి కూడా చూడలేదు.

మేనేజర్ మొఖం తుడుసుకున్నడు. "ఓ... అవును గదా. బయట మోటార్లకు తీగ చుట్టి వైండింగ్ చేసేటాయనకు నేనే పంపిన. మర్చేపోయిన" అన్నడు మెల్లగ.

అదే ఆయన నోట్లకెళ్లి వచ్చిన మాట. యాదమ్మక్క ఏడుస్తదనుకున్న. ఆమె కొంగు సర్దుకొని తలుపు బార్లా తీసింది. బయట వర్కర్లు గుమిగూడి ఉన్నరు.

"సారూ," అన్నది, "నన్ను దొంగ అన్ననాడు మస్తు గట్టిగ అన్నరు. గీ 'అవును గదా' కూడా గంతే గట్టిగ అనుండ్రి. వాళ్లకు ఇనవడాలె."

ఆయన గడప దాటి బయట నిలబడి గట్టిగనే చెప్పిండు.

అప్పటికెళ్లి ఏ సిస్టమ్ ముందట కూసున్నా, ఎట్ల లేపాల్నో తర్వాత చూస్త. ఇది లేస్తే ఏం చెరిగిపోతదో, ఎవలిది చెరిగిపోతదో ముందుగాల అడుగుత. కస్టమర్లు విసుక్కుంటరు. విసుక్కోనీ.