నాయన నెల్లూరు ప్రయాణం

మొన్న అక్క నెల్లూరు నుంచి ఫోన్ చేసింది. "సోమశిల డ్యాం గేట్లెత్తినారు. పెన్న రెండు గట్లూ ఒరుసుకొని పోతాండాది. మీ తట్టు?" అని అడిగింది. నేనప్పుడు ఎగువన పామిడిలో, అదే పెన్న వంతెన మీద ఉన్నాను. కింద ఇసుకలో ఎవరో చెలమ తోడి బిందె నింపుకుంటున్నారు. "మా తట్టు మేకలు పోతాండాయక్కా" అన్నాను. నవ్వింది. నవ్వాక ఎప్పుడూ అనేదే అంది. "నాయన ఒక్కసారన్నా ఈ నీళ్ళు చూసుంటే బాగుండు. బిడ్డ మీద మనసుంటే గదా వచ్చేది."

పెన్నకు పెద్ద పేరు పినాకిని. మా ఊళ్ళో ఏటికి నీళ్ళొచ్చిన ఏడు పుట్టిన ఆడపిల్లకు ఆ పేరు పెట్టడం అలవాటు. నీళ్ళు రావడమే అరుదు కనుక పినాకినులంతా ఒకే ఈడువాళ్ళు. వీధిలో ఒక కేక వేస్తే నాలుగు గడపల్లోంచి పలికేవారు. మగపిల్లలకు ఆ గొడవ లేదు, ఎంత కరువులో పుట్టినా ఏదో ఒక దేవుడి పేరు దొరికేది. ఆ పినాకినుల్లో ఏటి వెంబడే పోయి నెల్లూరులో కాపురం పెట్టింది మా అక్క ఒక్కతే. పెళ్ళయ్యాక నాయన ఆ ఊరు తొక్కనే లేదని ఆమె నమ్మకం. బంధువులదీ అదే మాట. అది నిజం కాదు.

వానలు తప్పిన ఒక ఏడాది నాయన నన్ను వెంటబెట్టుకుని నెల్లూరు బస్సెక్కాడు. నాకప్పటికే మీసాలొచ్చాయి. ఆయన ఒళ్ళో సంచి, సంచిలో ఆ ఏటి శెనక్కాయలు. సగం కాయల్లో గింజే లేదు. పొద్దున బస్టాండు బయటికి రాగానే బోర్డులు చదవడం మొదలుపెట్టాడు. ఆయన చదువు కూడబలుక్కునేంత వరకే. లాడ్జి మీద, మందుల షాపు మీద, కుట్టుమిషన్ల కొట్టు మీద, ఎక్కడ చూసినా పినాకినే. "మన పాప పేరు ఊరంతా రాసినారు గదరా!" అన్నాడు. ఆయన ముఖంలో అంత గర్వం నేనెన్నడూ చూడలేదు.

"అది ఏటి పేరు నాయనా."

"ఏరు మాత్రం యాడిదిరా? మనదే గదా."

అక్క ఇల్లు ఏటికి దగ్గర. ముందు ఏరు చూద్దామన్నాడు. గట్టెక్కి నిలబడ్డాడు. ఈ చివర నుంచి ఆ చివరికి ఆనకట్ట ఆపిన నీళ్ళు, అవతల పచ్చగా వరి. కిందికి దిగి, కాళ్ళు కడుక్కుని, దోసిలి పట్టి తాగి, "తిరిగి పోదాం పా" అన్నాడు.

"అక్కను చూడకుండానా?"

"చూస్తే పంట ఎట్లుండాది నాయనా అంటాది. ఏం చెప్పేది? అబద్ధమాడితే నా మొగంలో కనుక్కుంటాది. అత్తగారింట్లో కూచోని ఏడుస్తాది. ఈడ నీళ్ళుండాయి, అన్నముండాది. పాప చల్లగుండాది, చాలప్పా. వచ్చినామని చెప్పొద్దు."

ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ మాటకు కట్టుబడ్డాను. అది తప్పనుకోను. కానీ ఆయన పోయాక, దినాల నాడు, "నాయన లెక్కలో నేను లేను" అని అక్క అందరి ముందూ ఏడ్చినప్పుడు కూడా నోరు మెదపలేదు. అప్పుడు ఆయనకిచ్చిన మాట కూడా నాకు అడ్డం లేదు. నాయనకు ముద్దుల బిడ్డను నేనేనని నలుగురూ అనుకోవడం నాకు నచ్చింది. దాన్ని పంచుకోబుద్ధి కాలేదు. అంతే.

మొన్న వంతెన మీద నిలబడి అంతా చెప్పేశాను.

"ఆ పొద్దు యాడన్నా అన్నం తిన్నాడారా?" అంది అక్క.

"లేదక్కా. టీ తాగి బస్సెక్కినాడు."

"ఆ యాళకు నా పొయ్యి మీద అన్నం ఉడుకుతాంటాది గదరా" అని ఫోన్ పెట్టేసింది.

నాయన పోయి ఏళ్ళు గడిచాయి. ఆయన తినని ఆ పూట దిగులు మాత్రం అక్కకు మొన్ననే మొదలైంది.