పుట్టిల్లు వేరు, పుట్టిన చోటు వేరు

పౌరసత్వ చట్టం మీద నేను రాసిన పుస్తకాలు మూడున్నాయి. ఎవరైనా వాటిని పొగిడితే మొహమాటపడే రకం కాదు నేను. కష్టపడి రాశాను, పొగడనీ! కానీ నా మొదటి పరిశోధన ఆ మూడింటిలోనూ లేదు. అది నిజాం రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో, నా కొలువు కోసం నేనే చేసుకున్నది.

అప్పట్లో సర్కారు కొలువు కావాలంటే ముల్కీ అయి ఉండాలి, అంటే ఈ రాజ్యపు మనిషి అన్నమాట. బయటివాళ్లు గైర్‌ముల్కీలు. నేను ఉర్దూలో మిడిల్ పరీక్ష ప్యాసై, ఆడపిల్లల సర్కారు బడిలో పంతులమ్మ పనికి అర్జీ పెట్టుకున్నాను. మిషన్ బడిలో పంతులుగా చేసిన మా బాపు ఆయాసంతో మంచాన పడ్డాడు. నాకు ఈ పని దొరక్కపోతే చెల్లెళ్లిద్దరూ బడి మాని కూలికి పోవాల్సిందే.

అర్జీకి నా బాప్తిస్మం కాగితం జతచేశాను. మా వాడలో ఇంకెవరికీ పుట్టినట్టు కాగితం లేదు, నాకుందని గొప్ప. ఆ గొప్పే కొంప ముంచింది. నేను జగ్గయ్యపేట పక్కన మా అమ్మమ్మ ఊళ్లో పుట్టానని అందులో రాసి ఉంది. అది ఇంగ్లీషువాళ్ల ఇలాకా, నిజాం రాజ్యం కాదు. అర్జీలు చూసే గుమాస్తా జన్మస్థలం గడి చూసి, గైర్‌ముల్కీ అని రాసి తిప్పికొట్టాడు. కాగితం లేనివాళ్లంతా ముల్కీలు, ఉన్న నేను పరాయిదాన్ని! ఆ రోజు నాకొచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఏడ్చి కూర్చోలేదు. ఊళ్లో ఉన్న ఒక్క వకీలు దగ్గరికి వెళ్లి ముల్కీ కానూను పుస్తకం అడిగాను. ఆయన నవ్వి, ఇంటికివ్వను, అరుగు మీద కూర్చుని చదువుకోమన్నాడు. నాలుగు రోజులు కూర్చున్నాను. నాలుగో రోజు దొరికింది. జన్మస్థలం అనే గడి ఫారంలో ఉంది గానీ కానూనులో లేదు. కానూను అడిగేది నువ్వు పుట్టుకతో ఏ రాజు ప్రజవి, అంటే ఏ రాజ్యపు ఇంటి బిడ్డవి అని, ఏ గదిలో పుట్టావని కాదు.

ఇది ఒక్కటే చెబితే వింటారా? పుట్టిన చోటుకూ సొంత ఇంటికీ సంబంధం లేదని రుజువు కావాలి. పలకా బలపం పట్టుకుని మా వాడ, ఆ తర్వాత పక్కనున్న శేరిగూడ తిరిగాను. కనబడ్డ ప్రతి ఆడమనిషినీ రెండే ప్రశ్నలు అడిగాను. నీ పుట్టిల్లు ఏది? నువ్వు పుట్టింది ఎక్కడ?

శేరిగూడలో చింతపండు పిక్కలు తీస్తున్న ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"పుట్టిల్లు మహేశ్వరం. పుట్టింది అబ్దుల్లాపూర్‌మెట్‌ల, మా అమ్మమ్మ ఇంట్ల. తొలుసూరు కాన్పు తల్లిగారింట్లనే గదనే! గిది గూడ అడుగుతరా ఎవలన్న?"

తొలి సంతానమైన ప్రతి ఒక్కరిదీ అదే జవాబు. పుట్టిల్లు ఒక ఊరు, పుట్టింది ఇంకో ఊరు. పుట్టని ఇంటినే పుట్టిల్లు అంటున్నామని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆ పేర్లన్నీ ఎక్కించి, నా చేత్తో ఉర్దూలో మళ్లీ అర్జీ రాశాను. సర్కారు కచేరీకి పిలుపొచ్చింది. అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాను. పెద్ద సాబ్ అర్జీ మొత్తం చదివాడు. కానూనులో ఆ గడి లేదని నేను చెబితే పుస్తకం తెప్పించి చూసుకున్నాడు. తర్వాత నన్ను వదిలేసి, అమ్మను తెలుగులో అడిగాడు.

"ఏమమ్మా, ఈ పిల్ల కడుపుల ఉన్నప్పుడు నువ్వు ముల్క్ విడిచి పోయినవా, లేదా?"

అమ్మకు కానూను తెలియదు. అవ్ అని తలూపిందంటే ఈ రాజ్యం వదులుకున్నట్టు రాసుకుంటారు, నా శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

అమ్మ కొంగు సర్దుకుంది. "పురిటికి పోయిన సాబ్. పురిటికి పోయినామె ఇల్లు విడిచిపోయినట్టా? మూడో నెల పడంగనే పిల్లనెత్తుకొని మా ఇంటికొచ్చిన."

సాబ్ కలం అందుకున్నాడు. గుమాస్తా రాసింది కొట్టేసి, పక్కన ముల్కీ అని రాసి సంతకం చేశాడు. మనిషి ఏ దేశస్థుడో తేల్చడానికి, అతను తిరిగి రావాలనుకున్న ఇల్లేదో చూడాలని తర్వాత లావుపాటి పుస్తకాల్లో చదివాను. చదివిన ప్రతిసారీ అమ్మ ఇంతకంటే బాగా చెప్పిందనుకున్నాను. ఆ నాడు నా చదువుకు ఎంత గర్వపడ్డానో, చదువు లేని అమ్మను చూసి అంతకు రెట్టింపు గర్వపడ్డాను.

ఇంటికి నడుస్తుంటే అమ్మ ఉన్నట్టుండి ఆగింది.

"గట్లయితే నేనెవర్ని బిడ్డా? నేను పుట్టింది, పెరిగింది గూడ ఆ ఇలాకలనే గద."

నేను పెద్ద వకీలులా చెప్పాను. "నువ్వూ ముల్కీవే అమ్మా. బాపును చేసుకున్నవు గద, ముల్కీ పెండ్లాం ముల్కీయే అని కానూనుల ఉన్నది."

అమ్మకు కోపమొచ్చింది. "మీ బాపును చేసుకున్నందుకా? ఈ ఊర్ల నాట్లేసిన, కలుపు తీసిన, సగం వాడకు పురుడు పోసిన. నన్నెవలూ చెయ్యలే, నేనే అయిన. గది రాసుకో."